మెడలో డిస్క్ జారితే చేతి బలం చూసుకోండి: నా అనుభవం

మెడలో డిస్క్ జారినా నొప్పి మెడలోనే మొదలవ్వాలని లేదు. నాకు వీపు మీద, ఎడమ రెక్క ఎముక లోపలి అంచున మొదలైంది. వేలు పెట్టి చూపించగలిగేంత ఒకటే చోట పోటు. బామ్ రాసి కాపడం పెడితే పోయే రకం కాదది. కొన్నాళ్లకు జబ్బ వెనక నుంచి మోచేతి మీదుగా మధ్యవేలి దాకా దిగింది. వేలి కొస మొద్దుబారింది. దగ్గినా, తుమ్మినా, మలబద్ధకంతో ముక్కినా చెయ్యంతా జివ్వుమనేది. తల వెనక్కి వాల్చి ఎడమకు తిప్పితే పోటు పెరిగేది. ఎడమ చెయ్యెత్తి అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుంటే సర్దుకునేది. ఈ చివరి రెండూ మీకూ ఉంటే గుర్తుపెట్టుకుని చెప్పండి, డాక్టరు పరీక్షలో వెతికేవి అవే.

ఎడమ చెయ్యి నొప్పి కాబట్టి ముందు ఈసీజీ. నడిస్తే, మెట్లెక్కితే ఎక్కువై, ఆగితే తగ్గే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే గుండె సంగతి తేలేదాకా మెడ జోలికే పోకూడదు. మెడ కదిపినప్పుడు మారుతూ, వేళ్లలో తిమ్మిరి కూడా ఉంటే మాత్రం మెడ నరాన్ని అనుమానించాలి.

ముఖ్యమైన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఈ జబ్బులో అందరం నొప్పినే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం. పదిలో ఎంత ఉంది, నిన్నటి మీద తగ్గిందా అని. నరం బాగుపడుతోందా, చచ్చిపోతోందా అన్నది తెలిసేది చేతి బలం బట్టి. నా విషయంలో నొప్పి తగ్గుతున్న రోజుల్లోనే బలం పోతూ వచ్చింది. ఈ రెండూ ఎదురుబొదురుగా నడవగలవని తెలియక చాలామంది నెలలు పోగొట్టుకుంటారు.

అలా ఎందుకవుతుందో అర్థం కావాలంటే మెడ నిర్మాణం కొంచెం తెలియాలి. మెడలో పూసలు 7, ఒక్కో వైపు బయల్దేరే నరాలు 8. మొదటి ఏడు నరాలు తమ నంబరు పూసకు పైనుంచి బయటికొస్తాయి. ఎనిమిదోది మెడ చివరి పూసకూ ఛాతీ మొదటి పూసకూ మధ్య నుంచి వస్తుంది. అందుకే రిపోర్టులో సి5-6 డిస్క్ (మెడ ఐదో, ఆరో పూసల మధ్యది) అని ఉంటే నలిగేది ఆరో నరం, సి6-7 అని ఉంటే ఏడో నరం. మెడలో ఎక్కువగా జారేవి ఈ రెండే. నాది సి6-7.

డిస్క్‌కి బయట నారపొరల రింగు ఉంటుంది, లోపల జున్నులాంటి మెత్తటి గుజ్జు. రింగు చిట్లి గుజ్జు వెనక్కీ పక్కకీ తోసుకొస్తే, నరం బయటికెళ్లే రంధ్రం దగ్గర దాని మూలాన్ని నొక్కుతుంది. ఒత్తిడి వల్ల మొద్దుబారడం, బలం తగ్గడం వస్తాయి. నిద్ర పట్టనివ్వని ఆ పోటుకి మాత్రం పెద్ద కారణం గుజ్జు తగిలిన చోట నరానికి వచ్చే వాపు. ఆ వాపు వారాల్లో దిగుతుంది, దానితో నొప్పీ దిగుతుంది. ఒత్తిడి అలాగే మిగిలిపోతే కండరానికి వెళ్లే సంకేతం సన్నగిల్లుతూనే ఉంటుంది. నొప్పి తగ్గిందన్న సంతోషంలో ఇది కనపడదు.

ఏ నరం ఏ పని చూస్తుందో ఇంటి పనుల్లోనే తెలుస్తుంది. ఐదో నరం నలిగితే చెయ్యి పక్కకి ఎత్తడం కష్టం: తల దువ్వుకోలేరు, దండెం మీద బట్టలు ఆరేయలేరు, భుజం బయటి వైపు మొద్దుబారుతుంది. ఆరోదైతే మోచెయ్యి మడవడం, మణికట్టు పైకి లేపడం బలహీనపడి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతాయి. ఏడోదానికి మోచెయ్యి చాపే ట్రైసెప్స్, వేళ్లు చాపే కండరాలు, మధ్యవేలి స్పర్శ. ఎనిమిదోది పోతే పట్టు పోతుంది: తాళంచెవి తిప్పలేరు, సీసా మూత రాదు, ఉంగరం వేలు, చిటికెనవేలు మొద్దుబారతాయి. మనిషికీ మనిషికీ కొంత తేడా ఉంటుంది కాబట్టి వేలి తిమ్మిరి ఒక్కదాన్నే పట్టుకుని ఏ నరమో తేల్చేయకూడదు.

వీటిలో ఏడో నరం బలహీనత బాగా దాక్కుంటుంది. చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు మోచెయ్యి దాని బరువుకే చాపుకుంటుంది, ట్రైసెప్స్ పని చేయాల్సిన అవసరమే రాదు. అన్నం తింటాం, ఫోన్ పట్టుకుంటాం, బండి నడుపుతాం, ఏమీ తేడా తెలియదు. అటక మీదకి పెట్టె నెట్టబోతే మోచెయ్యి మడతపడిపోతుంది. చపాతీ పిండి పిసుకుతుంటే, నేల మీంచి చేతులు ఆన్చి లేస్తుంటే ఆ చెయ్యి కుంగుతుంది. మామూలు పనులన్నీ చేసుకుంటున్నాను కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

న్యూరో డాక్టరు చేసిన పరీక్ష వరసగా చెప్తాను. ముందు తల వెనక్కి వాల్చి, నొప్పి ఉన్న వైపుకి వంచి, నడినెత్తి మీద మెల్లగా కిందికి నొక్కారు. పోటు మధ్యవేలి దాకా దిగింది. దీన్ని స్పర్లింగ్ పరీక్ష అంటారు. 1944లో స్పర్లింగ్, స్కోవిల్ అనే ఇద్దరు సర్జన్లు వర్ణించారు. తర్వాత మోచెయ్యి మడిచి పట్టుకుని "నన్ను తొయ్యండి" అన్నారు. కుడి చెయ్యి ఆయన్ని వెనక్కి తోసింది, ఎడమది తోయలేకపోయింది. ఆపైన సుత్తి. మోచేతి వెనక, ఎముక కొసకు కొంచెం పైన, స్నాయువు మీద ఒక్క దెబ్బ. కుడి ముంజెయ్యి ఎగిరిపడింది. ఎడమ వైపు అదే దెబ్బకి కండరంలో కదలికే లేదు. రెండోసారి పళ్లు బిగించమని కొట్టినా లేదు. ఎం.ఆర్.ఐ. తీయకముందే ఏ మెట్టు దగ్గర, అంటే ఏ రెండు పూసల మధ్య నలిగిందో ఆ సుత్తి దాదాపు చెప్పేసింది.

బలాన్ని 0 నుంచి 5 వరకు గ్రేడు వేస్తారు. 5 అంటే మామూలు. 3 అంటే చేతి బరువుని ఎత్తగలదు గానీ ఎదురు నొక్కితే నిలవదు. మధ్యలో 4 చాలా వెడల్పు, అందుకే 4 మైనస్, 4 ప్లస్ అని రాస్తారు. ఆ అంకె కేస్‌షీట్‌లో రాయించుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు పోల్చడానికి అదే ఆధారం. ఆపరేషన్ దాకా వస్తే ఇన్సూరెన్స్‌వాళ్లూ, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవల అనుమతి చూసేవాళ్లూ అడిగే కాగితాల్లో అదీ ఉంటుంది. "మెడ నొప్పి" అని ఒక్క ముక్క రాసి ఉన్న చీటీతో పని జరగదు.

ఇంట్లో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. మంచం మీద వెల్లకిలా పడుకుని, జబ్బను నిట్టనిలువుగా పైకి ఉంచి, మోచెయ్యి మడిచి చెయ్యి చెవి దగ్గరికి తెచ్చుకోవాలి. అరలీటరు లేదా లీటరు నీళ్ల సీసా పట్టుకుని జబ్బ కదపకుండా మోచెయ్యి పూర్తిగా చాపాలి. ముందు బాగున్న చెయ్యి, తర్వాత రెండోది. ఎన్నిసార్లు తేలిగ్గా అయింది, ఎక్కడ వణికింది రాసుకోవాలి. అదే సీసా, అదే వేళ, వారానికోసారి. రోజూ చేస్తే కండరం అలసి లెక్క తప్పుతుంది. ఐదో నరమైతే చెయ్యి పక్కకి ఎత్తి నిలపడం, ఆరోదైతే అదే సీసాతో మోచెయ్యి మడవడం, ఎనిమిదోదైతే బట్టల క్లిప్పు వేళ్లతో తెరవడం ఇలాగే కొలుచుకోవచ్చు. సీసా మీద పడకుండా పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

మెడ అనుకున్నది మెడ కాకపోవడమూ మామూలే. మణికట్టు దగ్గర నరం నలిగే కార్పల్ టన్నెల్‌లో కూడా బొటన, చూపుడు, మధ్యవేళ్లే తిమ్మిరెక్కుతాయి. అర్ధరాత్రి లేపేసి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుందంటే మణికట్టు వైపు అనుమానం. అక్కడ ట్రైసెప్స్ బలం పోదు, సుత్తి దెబ్బకి స్పందనా పోదు. శాకాహారులకీ, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకీ బి12 తగ్గి తిమ్మిర్లు రావచ్చు. ఆ రక్తపరీక్ష చిన్నది, చేయించేయడం మంచిది. భుజం కీలు పట్టేసిన వాళ్లకి చెయ్యి ఎత్తితే నొప్పి పెరుగుతుంది, మెడ నరం వాళ్లకి చాలాసార్లు తగ్గుతుంది.

నరాల కరెంటు పరీక్ష, అంటే ఎన్‌సీవీ, ఈఎంజీ, అందరికీ అక్కర్లేదు. మెడా మణికట్టా తేలనప్పుడు పనికొస్తుంది. కండరంలో సూది పెట్టి చూసే భాగంలో మార్పులు కనబడటానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే చేయిస్తే నార్మల్ అని వస్తుంది, డబ్బు దండగ. మెడ దగ్గర నలిగినప్పుడు వేలు మొద్దుబారి ఉన్నా స్పర్శ నరం కొలత మామూలుగానే వస్తుంది, ఎందుకంటే స్పర్శ నరకణాల గుంపు నలిగిన చోటుకి అవతల, చేతి వైపు ఉండి క్షేమంగా ఉంటుంది. "వేలు మొద్దుబారింది, రిపోర్టేమో నార్మల్ అంటోంది" అని కంగారు పడకండి. అది కూడా మెడ వైపు చూపించే గుర్తే.

ఇక ఎం.ఆర్.ఐ. చేతిలో బలహీనత లేకుండా నొప్పి మాత్రమే ఉంటే మొదటి కొన్ని వారాల్లో తొందర లేదు. బలహీనత ఉన్నా, కాళ్ల నడకలో తేడా ఉన్నా, జ్వరం, బరువు తగ్గడం, క్యాన్సర్ చరిత్ర, పెద్ద దెబ్బ ఉన్నా వెంటనే తీయాలి. మెడ ఒక్కదానికి చాలావరకు అరగంట లోపే అయిపోతుంది. కదలకుండా ఉండాలి, లోపల చప్పుడు ఎక్కువ, చెవుల్లో దూది అడిగి పెట్టించుకోండి. పేస్‌మేకర్, ఒంట్లో లోహం ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. మామూలు డిస్క్‌కి రంగు ఇంజెక్షన్ అక్కర్లేదు. సీడీ కూడా అడిగి తీసుకోండి; ఫిల్ము మీద బొమ్మలు చిన్నవి, నరం రంధ్రం సరిగా కనబడదు.

అడ్డకోత బొమ్మల్లో మీ ఎడమ వైపు బొమ్మలో కుడి చేతి వైపు ఉంటుంది. డిస్క్ ఎటు జారిందో ఇంట్లో చూసుకునేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. రిపోర్టు భాషలో బల్జ్ అంటే డిస్క్ చుట్టూ కొంచెం ఉబ్బడం. ప్రొట్రూజన్ అంటే ఒకవైపు పొడుచుకు రావడం, ఎక్స్‌ట్రూజన్ అంటే రింగు దాటి గుజ్జు బయటపడటం, సీక్వెస్ట్రేషన్ అంటే ముక్క విడిపోవడం. పేరు పెద్దదైన కొద్దీ జబ్బు పెద్దదని కాదు. రింగు దాటి బయటపడ్డ గుజ్జునే శరీరం ఎక్కువగా కరిగించుకుంటుంది, కొన్ని నెలల తర్వాత తీసిన స్కాన్‌లో చిన్నదైపోయి కనబడే సందర్భాలు చాలా ఉన్నాయి. "మెడ వంపు నిటారైంది" అన్న వాక్యం దాదాపు ప్రతి రిపోర్టులో ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు.

బల్జ్ అన్న మాటకి ఎంత విలువివ్వాలో ఒక లెక్క చెప్తుంది. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎం.ఆర్.ఐ. తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించింది. 2015లో అచ్చయిన అధ్యయనమిది. కాబట్టి బొమ్మలో కనబడ్డ మెట్టూ, సుత్తి చెప్పిన మెట్టూ, వేలి తిమ్మిరీ మూడూ ఒకే నరానికి సరిపోవాలి. సరిపోకపోతే ఆ డిస్క్‌ని తీసేసినా బాధ మిగిలిపోతుంది.

రిపోర్టులో మొట్టమొదట వెతకాల్సింది వెన్నుపాము గురించిన వాక్యం. డిస్క్ పక్కకి జారితే నరం నలుగుతుంది, నడిమధ్యకి జారితే వెన్నుపాము నలుగుతుంది. రెండోది వేరే జబ్బు కిందే లెక్క, దాని పేరు మైలోపతీ. ఇందులో నొప్పి అసలు లేకపోవచ్చు, అదే ప్రమాదం. చొక్కా గుండీలు, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం ఆలస్యమవుతుంది. సంతకం మారిపోతుంది. అన్నం ముద్ద వేళ్ల మధ్య నుంచి జారుతుంది. నడకలో కాళ్లు బిర్రబిగిసినట్టు, నేల సరిగా తెలియనట్టు ఉంటుంది. మెడ ముందుకు వంచితే వీపు వెంట కరెంటు పాకుతుంది. మూత్రం ఆపుకోలేకపోవడం, లేదా మొదలవ్వకపోవడం ఆలస్యంగా వచ్చే గుర్తు.

మన డాక్టర్లు అడిగే ఒక ప్రశ్న నాకు చాలా విలువైనదనిపించింది: "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు మీకు తెలుస్తోందా?" జారుతున్నది తెలిసి కూడా పట్టి ఉంచలేకపోతే పాదం బలం తగ్గింది. చెప్పు ఎక్కడో వదిలేసి నాలుగడుగులు వేశాక చూసుకుంటే స్పర్శ తగ్గింది. షుగరు వల్ల కూడా ఇలా అవుతుంది కాబట్టి ఇదొక్కటే చాలదు. మధ్యవేలి గోరు కొస చిటికేసి వదిలితే బొటనవేలు తనంతట తాను మడుచుకోవడం, అరికాలు గీస్తే కాలి బొటనవేలు పైకి లేవడం కలిస్తే వెన్నుపాము మీద అనుమానం బలపడుతుంది. ఇంట్లో చేసుకోదగ్గది: పిడికిలి పూర్తిగా మూసి పూర్తిగా తెరవడం, 10 సెకన్లలో ఎన్నిసార్లు? మామూలు మనిషికి 20 దాకా అవుతుంది. బాగా తగ్గితే, వేళ్లు చాపడం నెమ్మదిగా అవుతుంటే చూపించుకోవాలి.

వెన్నుపాము కాలువ ముందు నుంచి వెనక్కి మామూలుగా 17, 18 మిల్లీమీటర్లుంటుంది. 13 కన్నా తగ్గితే ఇరుకు, 10 కన్నా తగ్గితే బాగా ఇరుకు. పుట్టుకతోనే ఇరుకున్నవాళ్లకి చిన్న డిస్క్ కూడా పెద్ద దెబ్బే. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లలో ఇది మరీ పట్టించుకోవాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లలోనే. నల్గొండ, ప్రకాశం ప్రాంతాల సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ ఎక్కువైతే పూసలూ వాటిని కట్టి ఉంచే లిగమెంట్లూ దళసరెక్కి ఎముకలా గట్టిపడి కాలువ మూసుకొస్తుంది. ఆ ప్రాంతాల్లో పెద్దవాళ్లు కాళ్లు బిగుసుకుపోతున్నాయంటే వయసు మీదకి తోసేయకుండా మెడ బొమ్మ తీయించాలి. కాలువ ఇరుకున్న మనిషి బాత్‌రూమ్‌లో జారి గడ్డం కొట్టుకుంటే చాలు, ఎముక విరగకపోయినా రెండు చేతులూ పడిపోవచ్చు.

మైలోపతీ మధ్యస్థంగా, తీవ్రంగా ఉంటే మందులతో, ఎక్సర్‌సైజులతో కాలయాపన చేయకూడదు, ఆపరేషనే. నలిగినది నరం ఒక్కటే అయితే లెక్క వేరు: ఎక్కువమంది కోత లేకుండానే బాగుపడతారు. అమెరికాలో రోచెస్టర్ ఊరి వాళ్లను 1976 నుంచి 1990 వరకు గమనించిన అధ్యయనంలో, చివరిసారి చూసేటప్పటికి 90 శాతం మందికి బాధ లేదు, లేదా కొద్దిగానే ఉంది. ఆపరేషన్ అవసరమైనది నలుగురిలో ఒకరికి.

కాబట్టి నాకూ ముందు మందులే. నొప్పి, వాపు తగ్గించే నాప్రోక్సెన్, దానికి తోడు కడుపులో మంట రాకుండా పాంటోప్రజోల్. కిడ్నీ జబ్బు, అల్సర్, రక్తం పల్చబరిచే మందులు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. రాత్రికి నరాల నొప్పి తగ్గించే ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాములు; మొదటి రోజుల్లో తల తిరుగుతుంది, కొందరికి పాదాలు వాస్తాయి, మానేటప్పుడు ఒక్కసారిగా ఆపకుండా తగ్గించుకుంటూ రావాలి. కొందరికి కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలిస్తారు, షుగరున్నవాళ్లకి అది ఎగబాకుతుంది, రోజూ చూసుకోవాలి. ఘాటైన నొప్పి మందు ట్రామడాల్ ఇస్తే మలబద్ధకం వస్తుంది, ముక్కడం ఈ జబ్బుకి విషం. ఇసబ్‌గోల్, నీళ్లు మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి.

మెత్తటి కాలర్ మొదటి రెండు మూడు వారాలు ఉపశమనమిస్తుంది. నెలల తరబడి పెట్టుకుంటే మెడ కండరాలు నీరసపడతాయి. దాన్ని తిప్పి పెట్టుకోవడం మంచిదని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు: ఎత్తైన భాగం వెనక్కి వస్తే గడ్డం పైకి లేవదు, మెడ వెనక్కి వాలదు, నరం రంధ్రం మూసుకోదు. దిండు కూడా అంతే, పక్కకి పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నింపేంత ఎత్తు చాలు. బోర్లా పడుకోవడం పూర్తిగా మానాలి.

ఫిజియోథెరపీలో నాకు పనికొచ్చినవి గడ్డం వెనక్కి లాక్కోవడం, రెక్కలు వెనక్కి కిందికి బిగించడం, అరచేత్తో తలను ఆపి మెడను కదలకుండా బిగబట్టడం. కొలత ఒకటే: చేసేటప్పుడు చేతి నొప్పి వేళ్ల నుంచి మెడ వైపు వెనక్కి వస్తే సరైన దారి. వేళ్ల వైపు ఇంకా దిగితే వెంటనే ఆపాలి. నరాన్ని సాగదీసే ఎక్సర్‌సైజులు పోటు ఎక్కువున్న రోజుల్లో చేస్తే రాత్రంతా ఏడిపిస్తాయి. ట్రాక్షన్, అంటే బరువు కట్టి తలను లాగి ఉంచడం, మెడ కొంచెం ముందుకు వంచి, 4 నుంచి 5 కిలోల బరువుతో, 15, 20 నిమిషాలు పెడతారు. వెన్నుపాము నలిగి ఉంటే ట్రాక్షన్ అసలు పెట్టకూడదు, అందుకే స్కాన్ చూడకుండా పెట్టేచోట ఒప్పుకోకండి.

సెలూన్లో క్షవరం అయ్యాక తల పట్టుకుని టక్కుమని తిప్పుతారే, అది ఎవరూ చేయించుకోకూడదు. డిస్క్ సంగతి అటుంచి, మెడలో మెదడుకి వెళ్లే రక్తనాళం లోపొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. నరం కట్టిస్తామని మెడ మీద మోకాలు పెట్టి లాగేవాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లను కూడా బతిమాలి ఆపండి.

నొప్పి లొంగకపోతే నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక దారి. మెడలో ఇది నడుము ఇంజెక్షన్ అంత తేలిక కాదు. ఎక్స్-రే తెర చూస్తూ, అనుభవమున్నవాళ్లే చేయాలి. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ల (వెన్నుపాము పొరకు బయట ఇచ్చేవి) వల్ల అరుదుగా చూపు పోవడం, పక్షవాతం వంటివి రావచ్చని అమెరికా మందుల సంస్థ 2014లో హెచ్చరించింది. రేణువులుండే స్టెరాయిడ్ పొరపాటున రక్తనాళంలోకి పోవడం దీనికి ముఖ్య కారణం, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌లో ఆ రేణువులుండవు. ఏ మందు, ఏ దారిలో అని అడగడం మన హక్కు. ఇంజెక్షన్ నొప్పి తగ్గిస్తుంది గానీ పోయిన బలాన్ని తెచ్చిపెడుతుందని నమ్ముకోవద్దు.

నెల గడిచేసరికి నా నొప్పి సగానికి పైగా దిగింది. ఇంట్లోవాళ్లంతా తేలికపడ్డారు. సీసా లెక్క మాత్రం వారం వారం పడిపోతూ ఉంది, జబ్బ వెనక కండరం చూస్తే తెలిసేంత పల్చబడింది, కేస్‌షీట్‌లో గ్రేడు 4 నుంచి 3కి వచ్చింది. సర్జన్ నిర్ణయం దాన్ని బట్టే జరిగింది. నొప్పి అలాగే ఉండి బలం నిలకడగా ఉంటే ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగవచ్చు. బలం పడిపోతూ ఉంటే అంతకాలం ఆగకూడదు. నరం తిరిగి పెరిగే వేగం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు, మెడ నుంచి జబ్బ దాకా ఎంత దూరమో లెక్కేసుకుంటే ఆలస్యం ఖరీదు తెలుస్తుంది.

ఆపరేషన్లలో మూడు దారులు. ముందు నుంచి డిస్క్ తీసి రెండు పూసలు అతికించడం, దాన్ని ఏసీడీఎఫ్ అంటారు. ముందు నుంచే తీసి కదిలే కృత్రిమ డిస్క్ పెట్టడం. ఇది ఎముకలు అరగని, పూసలు జారని చిన్న వయసు వాళ్లకి నప్పుతుంది. వెనక నుంచి నరం రంధ్రాన్ని వెడల్పు చేయడం; పూర్తిగా పక్కకి జారిన మెత్తటి డిస్క్‌కి బాగుంటుంది, నడిమధ్య దానికి కుదరదు. నా డిస్క్ కొంత మధ్యకీ వచ్చింది, అంచున ఎముక ముళ్లూ ఉన్నాయి కాబట్టి ఏసీడీఎఫ్.

మెడ ముందు చర్మం ముడత వెంట 3, 4 సెంటీమీటర్ల అడ్డకోత పెడతారు. గాలిగొట్టం, ఆహారనాళం ఒక పక్కకి, పెద్ద రక్తనాళాల తొడుగు ఇంకో పక్కకి జరిపి మధ్య నుంచి పూసల దగ్గరికి చేరతారు. సూది గుచ్చి ఎక్స్-రే తీసి మెట్టు సరైనదేనని రూఢి చేసుకుంటారు. భుజాలు అడ్డొచ్చి సి6-7 సరిగా కనబడదు, అందుకే భుజాలు కిందికి లాగి టేపు వేస్తారు. తర్వాత సూక్ష్మదర్శిని కింద డిస్క్ మొత్తం తీసి, ముళ్లు చెక్కి, నరం వదులైందో చూసి, ఆ ఖాళీలో ఎముక పొడి నింపిన కేజ్ (చిన్న బోలు దిమ్మ) పెట్టి టైటానియం ప్లేటు, స్క్రూలు బిగిస్తారు.

ఒప్పుకోలు కాగితం మీద సంతకానికి ముందు ఇవి తెలుసుకోవాలి. మింగడం కష్టమవడం చాలామందికి ఉంటుంది, వారాల్లో పోతుంది. గొంతు బొంగురుపోవచ్చు, ఎక్కువమందికి తిరిగొస్తుంది. పాటలు పాడేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు ఈ సంగతి సర్జన్‌తో విడిగా మాట్లాడాలి. అన్నిటికన్నా అత్యవసరమైనది మొదటి రోజున మెడలో రక్తం గడ్డకట్టడం: మెడ ఉబ్బుతుంటే, ఊపిరి ఆడకపోతే, లాలాజలం మింగలేకపోతే పక్కనున్నవాళ్లు నిమిషం ఆగకుండా నర్సును పిలవాలి. ఈ మాట పక్కన పడుకునే మనిషికి ముందే చెప్పి ఉంచండి. పొగ తాగేవాళ్లకి ఎముక అతకడం కష్టం, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా పూర్తిగా మానాలి.

మెలకువ వచ్చాక చేతి పోటు లేదు. రెక్కల మధ్య కొత్త నొప్పి వచ్చింది. కేజ్ పెట్టి ఖాళీని ఎత్తినందుకు వచ్చేదే, కొన్ని వారాలుంది. తిండి మొదట్లో జావ, సాంబారులో నానిన ఇడ్లీ, మెత్తగా పిసికిన పెరుగన్నం. మాత్రలు పెద్దవైతే నలిపి వేసుకోవచ్చా అని అడగాలి, కొన్ని నలపకూడదు. మొదటి ఆరు వారాలు రెండు మూడు కిలోలు మించి ఎత్తలేదు: నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, పిల్లల్ని ఎత్తుకోవడం అన్నీ బంద్. బండి నడపడానికి డాక్టరు ఒప్పుకోవాలి. హెల్మెట్ బరువూ స్పీడ్‌బ్రేకర్ల కుదుపూ మెడకే తగులుతాయి. నొప్పి మాత్రల్లో వాపు తగ్గించేవి ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయని కొందరు సర్జన్లు వద్దంటారు, మందులషాపులో సొంతంగా కొనుక్కోవద్దు.

కోలుకోవడం ఒక వరసలో జరుగుతుంది. నొప్పి ముందు పోతుంది, బలం నెలల్లో వస్తుంది, తిమ్మిరి ఆఖరున తగ్గుతుంది, ఒక్కోసారి కొంత మిగిలిపోతుంది. అదే సీసా లెక్క ఇప్పుడు పైకి నడవడం చూశాను. ట్రైసెప్స్ బలం చాలావరకు తిరిగొచ్చింది, మధ్యవేలి కొస మాత్రం ఇప్పటికీ కొంచెం మొద్దే. సుత్తి స్పందన తిరిగి రాకపోయినా పనికేమీ అడ్డం లేదు.

పూసలు అతికాయో లేదో ఎక్స్-రేల్లో చూస్తారు, పూర్తిగా అతకడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. అతికిన మెట్టుకి పైనా కిందా ఉన్న డిస్కుల మీద నిఘా ఉంచాలి. 1999లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం పక్క మెట్టులో కొత్తగా బాధ మొదలయ్యేది ఏడాదికి 2.9 శాతం మందికి. నాకు ఆ పై మెట్టు సి5-6, అంటే ఆరో నరం. అందుకని ఇప్పుడు నెలకోసారి సీసాతో మోచెయ్యి చాపడమే కాకుండా మడవడం కూడా చూసుకుంటున్నాను, బొటనవేలి కొసకీ చిటికెనవేలి కొసకీ స్పర్శలో తేడా ఉందేమో దూదితో తాకి చూసుకుంటున్నాను. తేడా కనిపిస్తే ముందు మెడ వంచి, వాల్చి తీసే ఎక్స్-రే, తర్వాత ఎం.ఆర్.ఐ. టైటానియం ఉన్నా ఎం.ఆర్.ఐ. తీయవచ్చు, స్క్రూల చుట్టూ బొమ్మ కొంచెం చెదురుతుంది కాబట్టి ప్లేటు సంగతి టెక్నీషియన్‌కి ముందే చెప్పి, ఆపరేషన్ కాగితం నకలు వెంట తీసుకెళ్లాలి.